గోబ్లిన్లు, ఇనప ముళ్లు, మయసభ: ఇల్యూషన్ స్పెల్ అసలు పని ఏంటంటే

పోయిన ఆదివారం మా డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేసుకుని డైస్‌తో కథ ఆడే ఆట) టేబుల్ దగ్గర మళ్లీ అదే జరిగింది. మా విజర్డ్, అంటే మంత్రగత్తె పాత్ర ఆడే అమ్మాయి, ఎంతో ఆలోచించి సైలెంట్ ఇమేజ్ అనే ఇల్యూషన్ (మాయ) స్పెల్ వేసింది, గుహ దారికి అడ్డంగా ఒక రాతి గోడ. ఆట నడుపుతూ శత్రువులైన గోబ్లిన్ల తరఫున ఆడే డీఎం వెంటనే "సరే, గోబ్లిన్లందరికీ సేవ్" అని డైస్ తీశాడు, సేవ్ అంటే స్పెల్‌ని తప్పించుకోడానికి వేసే డైస్. నాలుగింటిలో మూడు పాసైపోయాయి, గోడ ఉన్నా లేనట్టే అయిపోయింది. ఆ అమ్మాయి స్పెల్ లిస్టు పక్కకు నెట్టేసి "ఇక నుంచి ఫైర్‌బాల్ తప్ప ఇంకేమీ తీసుకోనన్నా" అంది. ఆ మాట నాకు వారమంతా గుచ్చుకుంటూనే ఉంది, అందుకే ఈ వీడియో.

ముందు ఆ సేవ్ సంగతి తేల్చేద్దాం. నేను చెప్పేది 2014 రూల్స్ ప్రకారం. సైలెంట్ ఇమేజ్‌కి సేవ్ లేదు. దానికన్నా చిన్న మాయ మైనర్ ఇల్యూషన్‌కీ లేదు. మాయ బయటపడడానికి అక్కడ రాసింది రెండే దారులు. ఎవరైనా దాన్ని ముట్టుకోవాలి, అంటే చెయ్యో రాయో అందులోంచి దూరిపోవాలి. లేదంటే తమ యాక్షన్ (తమ టర్న్‌లో, అంటే వంతులో, చేసే ముఖ్యమైన పని) ఖర్చుపెట్టి పరిశీలించి, ఇన్వెస్టిగేషన్ చెక్‌లో, అంటే పరిశీలన కోసం వేసే డైస్‌లో, మీ స్పెల్ సేవ్ డీసీని (అందుకోవాల్సిన అంకెని) అందుకోవాలి. యాక్షన్ అన్న మాట దగ్గర ఆగండి. గొడవ మధ్యలో గోబ్లిన్ గోడ ముందు నిలబడి "ఇది నిజమేనా" అని చూసిందంటే ఆ టర్న్‌లో అది ఎవరినీ పొడవలేదు. రెండు గోబ్లిన్లు చూస్తే రెండు టర్న్‌లు పోయాయి. ఫస్ట్ లెవెల్ స్పెల్ ఒక్కటి, దెబ్బ కొట్టకుండానే అంత పని చేసింది. అసలు గోబ్లిన్ ఎందుకు అనుమానించాలి చెప్పండి? గుహలో గోడ ఉండడం వింతేమీ కాదు కదా.

అక్కడే చాలామంది ప్లేయర్లు కూడా తప్పు చేస్తారు. ఇల్యూషన్ అనగానే డ్రాగన్! సైలెంట్ ఇమేజ్ 15 అడుగుల క్యూబ్‌లో పట్టాలి, దానికి చప్పుడు లేదు, వాసన లేదు, రెక్క ఊపితే గాలి తగలదు. అరవని డ్రాగన్‌ని ఎవరు నమ్ముతారు? అదే ఒక చెక్కపెట్టె అనుకోండి, పెట్టె ఎలాగూ అరవదు. మైనర్ ఇల్యూషన్‌తో 5 అడుగుల పెట్టె వేసి లోపల మీ రోగ్‌ని (దొంగ పాత్రని) కూర్చోబెట్టండి, ఎవరూ రెండోసారి చూడరు. ఎదుటివాడు అక్కడ ఏముంటుందని అనుకుంటాడో అదే చూపించండి, నా లెక్కలో సగం పని అక్కడే అయిపోతుంది.

మిగతా సగానికి మయసభకు వెళ్దాం. దుర్యోధనుడి కథ మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ ఆ వరస ఒకసారి గమనించండి. ముందు స్ఫటికపు నేలని చూసి నీళ్లనుకుని బట్టలు పైకెత్తుకున్నాడు. అక్కడ అతనికి పోయిందేమీ లేదు, కాస్త సిగ్గు తప్ప. ఆ తర్వాత నిజం మడుగు దగ్గరికొచ్చి, ఇదీ నేలే అనుకుని అడుగేసి పడ్డాడు. అతన్ని తడిపింది నిజం నీళ్లు! మొదట చూసిన మాయ, తర్వాత వచ్చిన నిజాన్ని నమ్మనివ్వలేదు.

దీన్ని గుహలోకి తెచ్చుకుందాం. మొదటి మలుపులో సైలెంట్ ఇమేజ్‌తో నేలంతా ఇనప ముళ్లు పరిచినట్టు చూపించండి, కాల్‌ట్రాప్స్ అంటారే, మన పల్లేరుకాయల్లాంటివి. గోబ్లిన్ల నాయకుడు ఆగుతాడు, కాలి బొటనవేలు మెల్లగా ఆనించి చూస్తాడు, వేలు ముల్లులోంచి దూరిపోతుంది. నవ్వుతాడు. "మాయరా, పదండి!" మీ స్పెల్ దొరికిపోయింది, టేబుల్ దగ్గర అందరూ అయ్యో అంటారు. అననివ్వండి. రెండో మలుపులో ముళ్లు నిజంవి. నాయకుడు ఈసారి ఆగడు, పరుగు మీదే వస్తాడు. డీసీ 15 డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవ్, తప్పితే అక్కడికక్కడే ఆగిపోవాలి, 1 డామేజ్, మళ్లీ కనీసం ఒక హిట్ పాయింట్ (ప్రాణబలం లెక్క) తిరిగి వచ్చేదాకా నడక 10 అడుగులు తగ్గుతుంది. దొరికిపోయిన మాయ దండగ అనుకుంటారు గానీ, నాకైతే దొరికిపోయిన మాయే ఎక్కువ ఇష్టం.

ఇదే దుర్యోధనుడి మీద ఫాంటాస్మల్ ఫోర్స్ వేశారనుకోండి. సెకండ్ లెవెల్ స్పెల్, దీనికి మాత్రం ఇంటెలిజెన్స్ సేవ్ ఉంది, ఎందుకంటే ఇది బయట కనిపించేది కాదు, ఒక్కడి బుర్రలోనే నడిచేది. లేని వంతెన మీద అడుగేస్తాడు, లోయలో పడతాడు. బతికితే, వంతెన ఉందనే అంటాడు! కాలు జారింది, ఎవరో తోశారు, గాలి కొట్టింది అని కారణం తనే కల్పించుకుంటాడు. ఇది నేను పెంచి చెప్పడం లేదు, స్పెల్ వివరణలో ఉన్నదే. మన చేత అబద్ధం చెప్పించకుండా, ఎదుటివాడే తనకు తాను చెప్పుకునేలా చేసే స్పెల్ ఇది. ఎంత బాగా రాశారో!

డీఎంలకు ఒక్క మాట. గోబ్లిన్‌కి తెలిసిందే గోబ్లిన్ చెయ్యాలి. అది మాయ అని మీకు తెలుసు కాబట్టి గోబ్లిన్ నేరుగా గోడలోంచి నడిచొచ్చేస్తే, ఆ ప్లేయర్ ఇంకోసారి కొత్తగా ఆలోచించదు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఇల్యూషనిస్ట్ అంటే మ్యాజిక్ యూజర్ కింద విడిగా ఒక సబ్‌క్లాసే (పాత్ర రకమే), ఈ రకం ఆటకి అంత విలువ ఇచ్చారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. మైనర్ ఇల్యూషన్‌లో బొమ్మ లేదా చప్పుడు, ఏదో ఒక్కటే. శత్రువుల వెనక గుర్రపు డెక్కల చప్పుడు వేసి చూడండి. మేజర్ ఇమేజ్‌లో చప్పుడు, వాసన, వేడి కూడా వస్తాయి, డ్రాగన్ సరదా అప్పుడు తీర్చుకోండి. మాయల్నే ప్రత్యేకంగా నేర్చిన ఇల్యూషన్ స్కూల్ విజర్డ్‌కి 6వ లెవెల్లో వేసిన మాయని మధ్యలో మార్చే వీలుంటుంది, 14లో ఆ మాయలోని ఒక వస్తువుని ఒక్క నిమిషం నిజం చెయ్యొచ్చు, వంతెన సంగతి మళ్లీ గుర్తు తెచ్చుకోండి. ట్రూసైట్ (మాయని దాటి నిజాన్ని చూసే చూపు) ఉన్నవాళ్ల దగ్గర కంటికి కనిపించే మాయలేవీ నడవవు, ముందే కనుక్కోండి.

మా విజర్డ్‌కి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. ఫైర్‌బాల్ మాట ఎత్తలేదు, "ఆ ముళ్లు ఎంతన్నా" అని అడిగింది. ఇరవై ముళ్ల సంచి ఒక గోల్డ్ (ఆటలోని బంగారు నాణెం). రెండు సంచులు కొనుక్కుంది. ఈ ఆదివారం మళ్లీ ఆ గుహకే వెళ్తున్నాం.