పాత లారీని ముందు వంతెనలా చూడండి

నమస్కారం. పాత భారీ లారీల గురించి ఎప్పుడు మాట్లాడినా ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "పాత కారును బాగుచేసినట్టే కదా, కాకపోతే ఇది కాస్త పెద్దది." ఎంత మంచి మనసుతో అన్నా ఈ మాట నాకు గుచ్చుకుంటుంది. ఈ ఒక్క అపోహ వల్ల ఎన్నో మంచి లారీలు పైన తళతళలాడుతూ లోపల విరిగిపోతున్నాయి. కారు అనుకున్నవారు మొదట రంగు గురించి ఆలోచిస్తారు, తర్వాత ఇంజన్ మోగుతుందా అని చూస్తారు. దశాబ్దాలుగా పొదల్లో పడి ఉన్న లారీకి కొత్త బ్యాటరీ తగిలించి, డీజిల్ పోసి, గొట్టంలోంచి పొగ రాగానే చప్పట్లు కొట్టే వీడియోలు మీరూ చూసే ఉంటారు. అవి చూస్తుంటే నాకు భయమేస్తుంది. ఎందుకో చెబుతాను. దానికన్నా ముందు వంతెన గురించి మాట్లాడుకోవాలి.

(తెర మీద: క్యాబిన్, ఇంజన్, బాడీ అన్నీ తీసేసిన ఛాసిస్, పక్క నుంచి)

ఇది చూడండి. రెండు పొడవాటి ఉక్కు దూలాలు. వాటిని కలుపుతూ అడ్డ దూలాలు. ముందొక ఆధారం, వెనకొక ఆధారం, మధ్యలో మోయాల్సిన బరువు. చక్రాలు కనబడకుండా అరచేయి అడ్డం పెట్టుకుని చూడండి. ఇది వంతెనే. ఇరుసులు దాని స్తంభాలు. స్తంభానికీ దూలానికీ మధ్య సర్దుబాటు కోసం ఉన్నవి కమాన్లు, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగులు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఇలాంటి దూలాలే ఉండవు, రేకు బాడీయే బరువు మోస్తుంది. లారీలో క్యాబిన్ అనేది వంతెన చివర కట్టిన కాపలా గది లాంటిది. కాపలా గదికి రంగు వేసి వంతెన బాగైందని ఎవరూ అనరు. లారీ విషయంలో మాత్రం రోజూ అంటున్నారు.

వంతెన మీద బరువు పడితే దూలం రవ్వంత కిందికి వంగుతుంది. అప్పుడు దూలం పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. మధ్యలో ఉన్న నిలువు పలక మీద ఆ సాగుడు, నొక్కుడు చాలా తక్కువ. అందుకే లారీ దూలాన్ని అంచులున్న కాలువ ఆకారంలో చేస్తారు: బలం కావలసిన చోట, అంటే పైనా కిందా లోహం ఎక్కువ. దీన్నుంచే ఈ పనిలో మొదటి నియమం పుడుతుంది. అంచులకు రంధ్రం వేయకూడదు, అంచు మీద అడ్డంగా వెల్డింగ్ చేయకూడదు. ఏదైనా తగిలించాలంటే నిలువు పలకకే తగిలించాలి.

కష్టపడి బతికిన లారీలో ఈ నియమం ఎన్నిసార్లు తప్పి ఉంటుందో ఊహించండి. ఒక యజమాని పనిముట్ల పెట్టె కోసం కింది అంచుకు రంధ్రం వేశాడు. ఇంకొకరు అదనపు డీజిల్ ట్యాంకు కోసం ఒక పట్టీని అతికించారు. చీలిక సరిగ్గా అక్కడే మొదలవుతుంది, తల వెంట్రుక మందాన. అందుకే పాత లారీ చూడటానికి వెళ్తే బానెట్ ఎత్తకండి. లైటు, తీగల బ్రష్షు పట్టుకుని కిందికి దూరండి. కింది అంచును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తోముతూ చూడండి. అయితే, బరువైన వాహనం కిందికి దూరేటప్పుడు చక్రాలకు అడ్డు పెట్టడం, గట్టి దిమ్మెలు ఉంచడం మరచిపోవద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు.

రెండో సంగతి నాకు ఇంకా ఇష్టమైనది. మంచి వంతెన కదులుతుంది. ఎండకు సాగుతుంది, చలికి కుదించుకుంటుంది. అందుకే దానికి సందులు వదులుతారు. లారీ ఛాసిస్ కూడా కదలాలి. ముందు కుడి చక్రం గుట్ట ఎక్కి, వెనుక ఎడమ చక్రం కూడా ఎత్తు మీద ఉంటే ఛాసిస్ తడిగుడ్డను పిండినట్టు మెలి తిరుగుతుంది. తిరగాలి కూడా. దాన్ని అలాగే రూపొందించారు. అడ్డ దూలాలను చాలాచోట్ల వెల్డింగ్ చేయకుండా రివెట్లతో బిగించింది ఇందుకే. ఇక మన మంచి మనిషి వస్తాడు. "ఈ రివెట్లు పాతబడ్డాయి, గట్టిగా ఉంటుంది" అని ప్రతి అతుకునూ వెల్డింగ్ చేసేస్తాడు. ఇప్పుడు అతుకు కదలదు. మెలి మాత్రం ఎక్కడో ఒకచోటికి పోవాలి కదా? వెల్డింగ్ పక్కనే, వేడికి స్వభావం మారిన ఉక్కులోకి పోతుంది. చీలుతుంది. వేడిచేసి చల్లార్చి బలం తెప్పించిన ఉక్కుతో చేసిన ఛాసిస్‌లకైతే ఈ నష్టం మరీ ఎక్కువ. గట్టిదనం, బలం ఒకటే అనుకోవడం వల్ల జరిగే నష్టం ఇది.

రివెట్ పనితనం గురించి ఒక్క నిమిషం. ఎర్రగా కాల్చిన రివెట్‌ను రంధ్రంలో దూర్చి రెండో వైపు తల కొడతారు. చల్లారేటప్పుడు అది పొడవు తగ్గుతుంది, రెండు పలకలనూ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. అంటే బిగించింది సుత్తి కన్నా ఎక్కువగా చల్లదనమే! రివెట్ వదులైందో లేదో తెలుసుకోవాలంటే తల మీద ఒక వేలు ఆనించి, రెండో చేత్తో చిన్న సుత్తితో పక్క నుంచి కొట్టండి. గట్టిగా ఉన్నది గణగణమంటుంది. వదులైనది బొంగురుగా పలుకుతుంది, వేలికి అదురు తెలుస్తుంది. దాని కింద ఎర్రటి చార కారి ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు. అలాంటిదాన్ని తీసి కొత్త రివెట్ కొట్టాలి. కుదరకపోతే రంధ్రాన్ని నున్నగా సరిచేసి, అందులో ఏమాత్రం వదులు లేకుండా పట్టే గట్టి బోల్టు వేయాలి. దుకాణంలో దొరికిన ఏదో బోల్టును పెద్ద రంధ్రంలో వేసి నట్టు బిగిస్తే అది కొన్నాళ్లకే ఆడటం మొదలుపెడుతుంది.

మూడోది తుప్పు. పైకి కనబడే తుప్పు గురించి నాకు బెంగ లేదు. చాలా లారీలకు బలం కోసం ఒక దూలం లోపల ఇంకో దూలం కూర్చి ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందులోకి నీరు దిగితే ఎండదు. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. అది సందులో దిగగొట్టిన మేకులా పనిచేసి రెండు ఉక్కు పలకలనూ విడదీస్తుంది, మధ్యలో ఉబ్బులు తేలుతాయి. పాత ఇనుప వంతెనల అతుకుల్లోనూ ఇదే జరుగుతుంది. పైన రంగు వేస్తే ఉబ్బు అలాగే ఉంటుంది, కళ్లకు మాత్రం అందంగా ఉంటుంది. దీనికి దగ్గర దారి లేదు. రివెట్లు తీసి, రెండు దూలాలను విడదీసి, శుభ్రం చేసి, లోపలి ముఖాలకు పూత వేసి మళ్లీ కూర్చాలి.

(తెర మీద: మ్యాక్ ఏసీ, ముందు వైపు నుంచి)

ఇంత పని ఎందుకు, ఎవరికోసం అని అడిగేవారికి ఈ బొమ్మ చూపిస్తాను. మ్యాక్ అనే అమెరికన్ కంపెనీ చేసిన లారీ, మోడల్ పేరు ఏసీ. 1916లో మొదలై రెండు దశాబ్దాలకు పైగా తయారైంది. 40,000కు పైగా చేశారు. వెనుక చక్రాలకు గొలుసులతో శక్తి అందుతుంది. రేడియేటర్ ఇంజన్‌కు ముందు ఉండదు, వెనుక ఉంటుంది. అందుకే ముక్కు అంత మొండిగా కనబడుతుంది. ఆ ముక్కు వల్లనే మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు దీన్ని బుల్‌డాగ్ అని పిలిచారని చెబుతారు. ఆ కంపెనీ ముఖ్య ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ఫెలోస్ మసూరీ 1932లో శస్త్రచికిత్స కోసం ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక బుల్‌డాగ్ బొమ్మ చెక్కాడు. ఈ రోజుకీ మ్యాక్ లారీల బానెట్ మీద కూర్చున్నది అదే. మరుసటి ఏడాది, 1933 ఏప్రిల్‌లో, వాయువు నింపి ఎగిరించే అక్రాన్ అనే గాలి ఓడ సముద్రంలో కూలినప్పుడు అందులో ఉన్న మసూరీ చనిపోయాడు. ఆ బొమ్మను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

మళ్లీ వంతెన దగ్గరికి వద్దాం, ఎందుకంటే "అసలు రూపం" అనే మాట మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. వంతెనను ఒక తరం కడుతుంది, ఇంకో తరం వెడల్పు చేస్తుంది, మరొకరు కమ్మీలు మారుస్తారు. పనిచేసిన లారీ కథా ఇంతే. పెట్రోల్ ఇంజన్‌తో పుట్టి, తర్వాత డీజిల్ ఇంజన్ పెట్టించుకుని, ఛాసిస్ పొడవు పెంచుకుని, మూడో ఇరుసు తగిలించుకుని ఉంటుంది. మరి దాన్ని ఏ ఏటికి తీసుకెళ్తారు? ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజుకా, ఎక్కువ కాలం కష్టపడిన రోజులకా? ముందుగా ఛాసిస్ నంబరు వెతికి పాత పత్రాలు దొరుకుతాయేమో చూడండి. ఉదాహరణకు మ్యాక్ లారీల పాత తయారీ పత్రాలను పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో ఆ కంపెనీ మ్యూజియం భద్రపరిచింది. పత్రాలు చదివాక నిర్ణయించుకోండి. నా మటుకు నేను, తలుపు మీద చేత్తో రాసిన పాత యజమాని పేరు మసకగా మిగిలి ఉంటే దాన్ని గీకనివ్వను. కొత్త రంగు ఎప్పుడైనా వేయవచ్చు, ఆ అక్షరాలు మళ్లీ రావు.

ఇప్పుడు ఆ భయం సంగతి. జనరల్ మోటార్స్ 1938లో తెచ్చిన 71 వరుస టూ స్ట్రోక్ డీజిల్ ఇంజన్లు పాత లారీల్లో చాలా కనబడతాయి. ఒక్కో సిలిండర్ 71 ఘనపు అంగుళాలు, పేరు అందుకే. వీటిలో ప్రతి సిలిండర్‌కు ఇంధనం చిమ్మే ఒక ఇంజెక్టర్, దానికి ఇంధనం ఎక్కువ తక్కువ చేసే ఒక చిన్న కడ్డీ ఉంటాయి. ఏళ్ల తరబడి కదలకపోతే ఆ కడ్డీ ఇంధనం పూర్తిగా వెళ్లే స్థితిలో బిగుసుకుపోవచ్చు. అప్పుడు ఇంజన్ మొదలైతే వేగం పెరుగుతూనే పోతుంది. తాళం తిప్పినా ఆగదు, ఎందుకంటే దాని మంట కరెంటు మీద ఆధారపడలేదు. త్వరగా ఆపాలంటే గాలి దారి మూయాలి. మూయకపోతే ముక్కలై ఎగరవచ్చు. కాబట్టి మొదట పై మూత తీసి ఆ కడ్డీలు స్వేచ్ఛగా కదులుతున్నాయో లేదో వేలితో చూడాలి. గాలి దారికి సరిపోయే గట్టి పలక చేతిలో సిద్ధంగా ఉండాలి. అడుగున ఉన్న ఆయిల్ బిరడా వదులు చేస్తే ముందు నీరు వచ్చిందంటే ఇంజన్‌ను తిప్పనే వద్దు.

పైగా ఇంజన్ మోగితే లారీ కదులుతుంది. ఆపేది ఏది? పాత గాలి బ్రేకుల్లో గాలి ఉంటేనే బ్రేకు పడుతుంది, గాలి పోతే లేదు. తర్వాత వచ్చిన స్ప్రింగు బ్రేకులు దీనికి తలకిందులు: గాలి పోతే స్ప్రింగు దానంతటదే బ్రేకు వేస్తుంది. మీ లారీ మొదటి రకం అయితే ఒక్క గొట్టం చీలినా చాలు. కనుక నా వరుస ఇది: వంతెన, బ్రేకులు, స్టీరింగు, ఆ తర్వాతే ఇంజన్.

సమయం అయిపోవస్తోంది, మిగతావి గబగబా చెబుతాను. స్ప్రింగు బ్రేకు డబ్బాను విప్పకండి. లోపలి స్ప్రింగు ప్రాణం తీస్తుంది. బ్రేకు పట్టీల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, గాలితో ఊదకండి, తడిపి తుడవండి. టైరును రింగుతో బిగించే పాత చక్రాల డిస్కులు ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదం. నట్లు విప్పకముందే ట్యూబు వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదిలేయాలి. గాలి నింపేటప్పుడు ఇనుప పంజరంలో పెట్టి దూరంగా నిలబడాలి. ఒక కంపెనీ రింగును ఇంకో కంపెనీ డిస్కుకు వేయకూడదు. మరీ పాత క్యాబిన్లలో రేకు లోపల చెక్క చట్రం ఉంటుంది. కుళ్లిన ముక్కలను పారేయకండి, కొత్తవి కోయడానికి కొలత అవే. రెండు గేరు కర్రల లారీ దొరికితే, 1953 నుంచి 1966 దాకా వచ్చిన మ్యాక్ బీ వరుసలో ఇవి చాలా ఉన్నాయి, గేరు సరిగా పడకపోతే గేరుబాక్సు చెడిందని తొందరపడకండి. గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు నొక్కడం నేర్చుకోవాలి. వైర్లన్నీ కొత్తవి వేసేయండి, అక్కడ ఆలోచించేది లేదు.

చివరిగా, వంతెన కట్టాక బరువు పెట్టి పరీక్షిస్తారు. మీరూ పెట్టండి. లారీ మోయగలిగినదాంట్లో పావు వంతు బరువు వేసి, ఖాళీ స్థలంలో మెల్లగా కాసేపు నడపండి. ఆపి, చక్రాల నట్లు, కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించండి. అవి తప్పకుండా కొంచెం తిరుగుతాయి. తర్వాత లైటు, బ్రష్షు పట్టుకుని మళ్లీ కిందికి దూరి, ఆ కింది అంచును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూడండి.