ఎవరైనా భాగించి చూశారా?

వేదిక మీది పెద్దలకు, హెడ్మాస్టరు గారికి, తోటి ఉపాధ్యాయులకు, పిల్లలందరికీ నమస్కారం. ఈరోజు డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు. ఆయన గురించి నా ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పారు. నా సమయం మొత్తం ఒక్క సంఖ్యకే ఇస్తాను.

బోర్డు మీద రాస్తున్నాను, మీరూ రాసుకోండి: 4294967297. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297.

3తో మొదలుపెట్టండి. అందులో 1 తీసేసి, వర్గం చేసి, మళ్లీ 1 కలపండి. 5 వస్తుంది. అలాగే చేస్తూ పోతే 17, 257, 65537. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మన 429 కోట్లది. ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా మాస్టారు కూడా అదే నోట్సు చెప్పారు. నేను లేచి, "ఆరోదాన్ని ఎవరైనా భాగించి చూశారా సార్?" అన్నాను. "ఫెర్మా కంటే గొప్పోడివా? కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే ఫెర్మాయే తన దగ్గర నిరూపణ లేదని ఉత్తరంలో రాశాడు! ఆయన ఒప్పుకున్నది మనం ఒప్పుకోం. మాస్టార్లూ, దయచేసి వినండి. పిల్లవాడు అడిగితే కూర్చోబెట్టకండి, చాక్‌పీస్ ఇవ్వండి.

ఎక్కడున్నాను? ఆ, 1732. స్విస్ గణితవేత్త ఆయిలర్ అది ప్రధాన సంఖ్య కాదని చూపించాడు. గుడ్డిగా 2, 3, 5, 7 అంటూ పోనక్కర్లేదు. దీన్ని నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. దీన్ని తర్వాత ఆయిలరే నిరూపించాడు కూడా. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అంతే, ఐదు భాగహారాలు! 193తో శేషం 109. 257తో 2. 449తో 325. 577తో 288. ఇవి ఇంటికెళ్లి సరిచూసుకోండి.

ఐదోది ఇక్కడే చేద్దాం. మూడో వరసలో అమ్మాయీ, నువ్వు రామ్మా. 641తో భాగించు. 4294లో ఆరుసార్లు, 448 మిగిలింది. 9 దించు. 4489లో ఏడుసార్లు అంటే 4487, మిగిలింది 2. ఇక్కడ జాగ్రత్త, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 6 దించితే 26, పోదు, సున్నా పెట్టు. 7 దించితే 267, ఇదీ పోదు, ఇంకో సున్నా. 2 దించితే 2672, నాలుగుసార్లు, 108. తర్వాత 1089, ఒకసారి, మళ్లీ 448. చివరి 7 దించు. 4487! ఇందాక చూసిందే కదా? ఏడుసార్లు. ఎంత మిగిలిందో గట్టిగా చెప్పమ్మా, వెనకవాళ్లకి వినపడాలి.