పౌర్ణమి పోటు: సీజర్ నుంచి నార్మండీ దాకా

అందరికీ నమస్కారం.

సముద్రం మీదుగా దండయాత్ర అనగానే మనకు ఓడలు, ఫిరంగులు, సేనాపతులు గుర్తొస్తారు. ఈ రోజు నేను ఒడ్డు దగ్గరి నీళ్ల గురించి మాట్లాడతాను. ఓడ ఆగిపోయే చోటికీ, సైనికుడి కాలు పొడినేల మీద పడే చోటికీ మధ్య ఉండే ఆ కాస్త దూరంలోనే ఎన్నో దండయాత్రల తలరాత తేలిపోయింది.

ఒకే సముద్రాన్ని తీసుకుందాం, బ్రిటన్‌కూ ఫ్రాన్సుకూ మధ్య ఉన్న ఇంగ్లిష్ ఛానల్. క్రీ.పూ. 55లో రోమన్ సేనాని జూలియస్ సీజర్ దాన్ని దాటి బ్రిటన్ మీదికి వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న, జర్మనీతో పోరాడుతున్న మిత్రరాజ్యాల సైన్యం బ్రిటన్ వైపు నుంచి దాన్ని దాటి ఫ్రాన్సులోని నార్మండీలో దిగింది.

సీజర్ రెండు లీజియన్లను, అంటే వేల మంది ఉండే రోమన్ సైనిక దళాలను, సుమారు 80 ఓడల్లో ఎక్కించాడు. ఒడ్డు ఎలా ఉందో చూసి రమ్మని ముందుగా వొలుసేనస్ అనే అధికారిని పంపాడు. అతను ఓడ దిగడానికి సాహసించలేదు. దూరం నుంచే చూసి ఐదో రోజుకు తిరిగొచ్చాడు. తీరా సైన్యం వెళ్లేసరికి, ఓడలు పెద్దవి కావడంతో లోతు నీళ్లలోనే ఆగిపోయాయి. ఒంటిమీద బరువైన కవచం, కింద ఎంత లోతుందో తెలియదు, ఎదురుగా ఈటెలు విసిరే శత్రువులు. ఎవరికైనా కాళ్లు ఆడవు. పదో లీజియన్‌లో డేగ ధ్వజం మోసే సైనికుడు ముందు దూకాడు. అప్పుడు మిగతావాళ్లు కదిలారు.

అసలు దెబ్బ నాలుగు రోజుల తర్వాత పడింది. ఆ రాత్రి పౌర్ణమి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువని మన తీరంలో ఏ మత్స్యకారుణ్ణి అడిగినా చెబుతాడు. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు చాలా తక్కువ. అందుకే రోమన్లకు ఆ సంగతి తెలియలేదు. సీజరే తన రాతల్లో ఒప్పుకున్నాడు. పోటుకు తుఫాను తోడై 12 ఓడలు పోయాయి. మరుసటి ఏడాది 800కు పైగా ఓడలతో మళ్లీ వచ్చాడు. ఈసారి ఒడ్డుకు లాగడానికి వీలుగా, ఎత్తు తగ్గించి వెడల్పుగా కట్టించాడు. అయినా వాటిని లంగరు వేసి వదిలేయడంతో తుఫానుకు మరో 40 దాకా పోయాయి.

ఇప్పుడు నార్మండీ చూడండి. 1943 డిసెంబర్ 31 రాత్రి ఇద్దరు బ్రిటిష్ సైనికులు చలి నీళ్లలో ఈదుకుంటూ, జర్మన్లు కాపలా కాస్తున్న ఒడ్డుకు చేరారు. ఇసుక తవ్వి నమూనాలు పట్టుకెళ్లారు. ట్యాంకులు కూరుకుపోతాయో లేదో తెలియాలి కదా! ఆటుపోట్ల లెక్కలు ఆర్థర్ డూడ్సన్ అనే శాస్త్రవేత్త చేశాడు. చక్రాలు, కప్పీలతో నడిచే యంత్రం ఆయనది. అది ఏ తీరమో ఆయనకు చెప్పలేదు, కాగితాల్లో 'స్థానం జడ్' అని మాత్రమే ఉండేది. ఈ కథ మొత్తంలో నాకు అందరికంటే గొప్పగా కనిపించే మనిషి ఆయనే.

జర్మన్లు ఒడ్డంతా అడ్డుకర్రలు పాతి, చాలావాటికి మందుపాతరలు కట్టారు. పోటు మీదుంటే అవి కనిపించవు. అందుకే ఆటు సమయం చూసుకుని దిగారు. తుఫాను వల్ల మిత్రరాజ్యాల సర్వసేనాని ఐజన్‌హవర్ ఒక రోజు వాయిదా వేశాడు. అంతకంటే ఎక్కువ ఆగితే సరైన ఆటు కోసం రెండు వారాలు చూడాలి. ఆ టెన్షన్‌ మధ్యే జూన్ 6న సముద్రం మీదుగా సుమారు 1,32,000 మంది దిగారు.

అన్నిచోట్లా లెక్క కుదరలేదు. 1943 నవంబర్‌లో పసిఫిక్‌లోని తరావా దీవి దగ్గర పగడపు దిబ్బ మీద నీరు చాలక పడవలు ఆగిపోయాయి. అమెరికన్ సైనికులు తూటాల మధ్య వందల గజాలు నీళ్లలో నడిచారు. 1971 డిసెంబర్‌లో, బంగ్లాదేశ్ యుద్ధంలో, అక్కడి కాక్స్‌బజార్ తీరం దగ్గర మన నౌక కూడా ఇసుక మేటకు తగిలి ఆగింది. అక్కడ దిగిన జవాన్లలో కొందరు లోతు నీళ్లలో మునిగి ప్రాణాలు కోల్పోయారు. సీజర్ సైనికుల కష్టమే అది, రెండు వేల ఏళ్ల తర్వాత.

నార్మండీలో కూడా తుఫాను వదల్లేదు. సరుకులు దించడానికి ఇంగ్లండు నుంచి లాక్కొచ్చి పెట్టిన కృత్రిమ రేవుల్లో, 'ఒమాహా' అని మారుపేరు పెట్టిన ఒడ్డున ఉన్న అమెరికన్ల రేవును జూన్ 19న మొదలైన గాలివాన ధ్వంసం చేసింది. అయినా సరఫరా ఆగిపోలేదు. చదునైన అడుగున్న పెద్ద ఓడలను పోటు మీద ఒడ్డుకు తెచ్చి అలాగే ఉంచారు. ఆటుకు నీరు వెనక్కి తగ్గగానే అవి ఇసుక మీద కూర్చున్నాయి. తలుపులు తెరిస్తే లారీలు నేరుగా ఇసుక మీదికి దిగాయి. తర్వాతి పోటుకు ఖాళీ ఓడలు వాటంతటవే తేలి, ఇంకో విడత సరుకు కోసం ఇంగ్లండు వెళ్లాయి.