ఆటోమేటిక్ ఛార్జర్ అన్నారు కదా అని వదిలేయకండి: కారు బ్యాటరీకి ఇంట్లోనే ఛార్జింగ్

[అపార్ట్‌మెంట్ సెల్లార్. దుమ్ము పట్టిన చిన్న కారు. తాళం తిప్పిన చప్పుడు, వెంటనే టక్ టక్ టక్.]

మూడు వారాలు ఊళ్లో ఉండి వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోవట్లేదు. కంగారు పడి కొత్త బ్యాటరీ కొనక్కర్లేదు, చాలాసార్లు అది డౌన్ అయి ఉంటుంది, అంతే. కారు నిలబెట్టి ఉన్నా అలారం, గడియారం, లోపలి కంప్యూటర్ కలిసి 20 నుంచి 50 మిల్లీ ఆంప్స్ దాకా లాగుతూనే ఉంటాయి. 50 అనుకుందాం. రోజుకి 1.2 ఏహెచ్ పోయినట్టు (ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీలో పట్టే ఛార్జింగ్ కొలత). చిన్న కార్లలో ఉండే 35 ఏహెచ్ బ్యాటరీ పదిహేను రోజులకే సగానికి దిగిపోతుంది.

పక్క కారు నుంచి కేబుళ్లు వేసి స్టార్ట్ చేసి, అలా బజారు దాకా వెళ్లొస్తే నిండిపోతుందని చాలామంది నమ్మకం. నిండదు. సగం ఖాళీ అయిన బ్యాటరీ పూర్తిగా నిండాలంటే గంటలు పడుతుంది. నిండకుండా అలాగే వారాల తరబడి ఉంటే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పాత బలం రాదు.

[బల్ల మీద రెండు ఛార్జర్లు: బరువైన పాత ఇనప డబ్బా, అరచేతిలో పట్టే కొత్తది.]

ఈ ఇనప డబ్బాకి ఆగడం తెలియదు. మనం మర్చిపోతే రాత్రంతా నీళ్లు మరిగిస్తూనే ఉంటుంది. ఈ కొత్త ఆటోమేటిక్‌ది ముందు నిలకడగా కరెంటు తోస్తుంది. వోల్టేజీ 14.4 దగ్గరికి రాగానే దాన్ని అక్కడే పట్టుకుని, కరెంటును బ్యాటరీ తాగినంత మేరకు తగ్గిస్తూ వస్తుంది. నిండాక 13.6 చుట్టుపక్కలకి దిగి, కారిపోయినంత నింపుతూ ఉంటుంది. ఎప్పుడు ఆపాలో దానికి తెలుసు. ఎదురుగా ఉన్నది ఏ రకం బ్యాటరీయో, గాలి ఆడుతోందో లేదో, క్లిప్పు ఎక్కడ తగిలించారో మాత్రం తెలియదు. అవి చూసుకోవాల్సింది మనమే.

ముందు సైజు. బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు ఆంప్స్ చాలు. 35 ఏహెచ్‌కి 4 ఆంప్స్ ఛార్జర్ సరిపోతుంది. ట్రాక్టర్‌కి ఉండే 80 ఏహెచ్‌కి 8. బైకుది 4 ఏహెచ్ అయితే అర ఆంప్ మోడ్ ఉన్నదే వాడాలి, కారు ఛార్జర్ తగిలిస్తే వేడెక్కి ఉబ్బుతుంది. లారీల్లో రెండు 12 వోల్టులు వరుసగా కలిపి 24 చేస్తారు, కాబట్టి 24 మోడ్ లేని ఛార్జర్‌తో ఒక్కో బ్యాటరీని విప్పి విడిగా పెట్టుకోవాలి. తర్వాత రకం. మామూలు నీళ్ల బ్యాటరీయా, యాసిడ్‌ని గాజు పీచులో పట్టి ఉంచే సీల్డ్ ఏజీఎమ్మా అన్నది స్టిక్కర్ మీద ఉంటుంది, బటన్ అదే పెట్టండి. లిథియం అయితే దాని సొంత ఛార్జర్ తప్ప ఇంకేదీ వద్దు.

[దగ్గరి షాట్: మల్టీమీటర్ నాబ్ డీసీ 20 దగ్గర. తెర మీద 12.08.]

ఇప్పుడు కొలుద్దాం. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. మనది 12.08, అంటే పావు కంటే కొంచెం ఎక్కువ. 10.5 దగ్గర కదలకుండా నిలబడితే అనుమానించాలి. లోపల ఆరు సెల్స్, ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు. ఒక సెల్ షార్ట్ అయితే అంత మేరకు తగ్గి కనిపిస్తుంది, దాన్ని ఏ ఛార్జరూ బాగుచేయలేదు.

వేలికి ఉంగరం, చేతికి కడియం ఉంటే తీసి జేబులో వేసుకోండి. పానాకీ బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే క్షణంలో ఎర్రగా కాలుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. యాసిడ్ కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, ఆపైన డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా పేరుకున్న పొడిని తినే సోడా కలిపిన నీళ్లతో పాత బ్రష్ పెట్టి కడగండి, మూతలు మాత్రం బిగించే ఉండాలి. సోడా లోపల పడితే యాసిడ్‌ని చంపేస్తుంది.

మూతలు విప్పే రకం అయితే నీళ్లు చూడండి. ప్లేట్లు పైకి తేలి ఉంటే అవి మునిగేంత డిస్టిల్డ్ వాటర్ పోసి ఆపేయండి. గీత దాకా పోసేది ఛార్జింగ్ అయ్యాకే. ఛార్జ్ అవుతుంటే లోపలి ద్రవం పొంగుతుంది, ముందే నిండుగా పోస్తే యాసిడ్ బయటికొచ్చి ట్రే తినేస్తుంది. కుళాయి నీళ్లు, ఆర్వో నీళ్లు, కొత్త యాసిడ్, ఏవీ వద్దు.

[షాట్: బోర్డు స్విచ్ ఆఫ్‌లో. ఎర్ర క్లిప్పు ప్లస్ మీదకి.]

అసలు సంగతి ఇక్కడుంది. స్విచ్ ఆఫ్‌లో ఉండగానే ఎర్ర క్లిప్పు ప్లస్‌కి. ఎర్ర టోపీ చూసి నమ్మకండి, ఎవరైనా తారుమారు చేసి ఉండొచ్చు. బ్యాటరీ డబ్బా మీద అచ్చుపోసిన ప్లస్ గుర్తు చూడండి. నల్ల క్లిప్పు మైనస్ టెర్మినల్‌కి కాదు. బ్యాటరీకి దూరంగా ఇంజిన్ బ్లాకు మీదో, బాడీ మీదో రంగు లేని ఇనుముకి పెట్టండి. ఎందుకంటే చివరి క్లిప్పు తగిలేటప్పుడు చిన్న రవ్వ రావచ్చు. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది. రవ్వ పుట్టేది ఆ మూతల పక్కన కాకూడదు, అంతే. ఆగితే ఇంజిన్ ఆపేసే స్టార్ట్ స్టాప్ కార్లకి ఇంకో కారణం కూడా ఉంది. మైనస్ టెర్మినల్ మీద కరెంటు లెక్కపెట్టే సెన్సార్ ఉంటుంది. క్లిప్పు నేరుగా టెర్మినల్‌కి పెడితే ఈ ఛార్జింగ్ దాని లెక్కలోకి రాదు.

రెండు క్లిప్పులూ గట్టిగా పట్టాకే స్విచ్ వేయండి. సెల్లార్‌లో అయితే బోనెట్ తెరిచే ఉంచండి. మూసిన గదిలో, గ్యాస్ స్టవ్ దగ్గర, దేవుడి గూట్లో దీపం వెలుగుతున్న చోట వద్దు. ఎండలో అసలే వద్దు. 25 డిగ్రీలకి లెక్కేసిన 14.4 వోల్టులు మే నెల 42 డిగ్రీల్లో ఎక్కువే అవుతాయి. వేడిని బట్టి తగ్గించుకునే ఛార్జర్లు ఉన్నాయి, మీది అలాంటిది కాకపోతే రాత్రిపూట పెట్టుకోండి, పక్కన మీరు మెలకువగా ఉన్నంత సేపే.

[షాట్: ఛార్జర్ మీద ఎర్ర లైటు మినుకుమినుకు.]

స్విచ్ వేసినా మొదలవ్వలేదా? క్లిప్పులు తారుమారయ్యాయేమో చూసుకోండి. కాకపోతే వోల్టేజీ మరీ పడిపోయి ఉంటుంది, బ్యాటరీ ఉన్నట్టే దానికి తెలియదు. 6, 12 తనే గుర్తించే రకమైతే ఏడు వోల్టులకి పడిపోయిన కారు బ్యాటరీని ఆరు వోల్టులదని పొరబడుతుంది. అప్పుడు మోడ్ చేత్తో పెట్టాలి. అదీ లేకపోతే మంచి 12 వోల్టుల బ్యాటరీని ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి పది నిమిషాలు ఉంచి, విడదీసి మళ్లీ ప్రయత్నించండి. డబ్బా ఉబ్బినా, పగిలినా ఈ పని చేయొద్దు.

మనదానికి దాదాపు 25 ఏహెచ్ కావాలి. 4 ఆంప్స్ చొప్పున ఆరేడు గంటలు, చివర నెమ్మదించే సమయం కలిపితే తొమ్మిది దాటొచ్చు. మధ్యలో డబ్బా పక్కన చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడి, కుళ్లిన గుడ్డు వాసన, ఒక్క సెల్ మాత్రమే సలసలా మరగడం, వీటిలో ఏది కనిపించినా బోర్డు దగ్గర స్విచ్ ఆపేయండి. వెంటనే క్లిప్పులు పీకకండి, గాలి ఆడేదాకా కాసేపు ఆగండి. ఛార్జర్ మీద రిపేర్ అనో, రీకండిషన్ అనో బటన్ ఉంటే అది 15 వోల్టులు దాటిస్తుంది. బ్యాటరీ కారుకి తగిలించి ఉండగా గానీ, సీల్డ్ బ్యాటరీకి గానీ దాని జోలికి పోవద్దు.

పచ్చ లైటు వచ్చింది. ముందు స్విచ్, తర్వాత నల్ల క్లిప్పు, చివర ఎర్రది.

[మర్నాడు పొద్దున. మీటర్ మీద 12.66.]

ఆపిన వెంటనే కొలిస్తే 13 పైన కనిపించి మురిపిస్తుంది, నమ్మకండి. రాత్రంతా వదిలేసి కొలిచిన అంకె అసలుది. 12.6 నిలిస్తే మంచిదే, 12.2కి జారితే షాపువాడితో లోడ్ టెస్టు చేయించండి. మీటర్ అలాగే ఉంచి సెల్ఫ్ కొట్టించండి: 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ తిరుగుతుంటే చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. హెడ్‌లైట్లు వేసి, కాస్త రేజ్ చేసినా 12.4 దగ్గరే ఉండిపోతే బ్యాటరీది తప్పు కాదు. ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ బెల్టు చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి, లేకపోతే ఇంకో రెండ్రోజులకి మళ్లీ ఇదే టక్ టక్.