చిన్న ఉప్పునీటి అక్వేరియంలో ఏ చేపలు? ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఇంట్లో చిన్న ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుంటే అందులో ఏ చేపలు వేసుకోవాలి? మీ సందేహాలకు మేడమ్ సమాధానం చెబుతారు. అప్పుడే ఒక కాలర్ లైన్లో ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. మేం 80 లీటర్ల ట్యాంకు పెట్టామండి. ఉప్పు కలిపాం, రాళ్లు పేర్చాం, నీళ్లు తేటగా ఉన్నాయి. రేపు చేపలు తెద్దామనుకుంటున్నాం. నీలం టాంగ్ కావాలని మా పాప ఒకటే గొడవ.

నిపుణురాలు: నీళ్లు నింపి ఎన్నాళ్లయిందండీ?

కాలర్: వారం.

నిపుణురాలు: అయితే రేపు వద్దు. నీళ్లు తేటగా ఉన్నా అందులో అమ్మోనియా ఉండొచ్చు. చేపల విసర్జన నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అది పుడుతుంది. చేపకు విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా మీ రాళ్ల మీద, ఇసుకలో పెరగాలి. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందాకా చేప లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ, టెస్ట్ కిట్‌తో చూస్తుండండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి, మళ్లీ సున్నాకు వచ్చి, అక్కడే నిలబడితే అప్పుడు మొదటి చేప తెచ్చుకోండి.

కాలర్: టాంగ్ తెచ్చుకోవచ్చా మరి?

నిపుణురాలు: వద్దండీ. షాపులో రెండంగుళాలే ఉంటుంది గానీ, పెరిగితే అడుగు దాకా వస్తుంది. పైగా రోజంతా ఈదే చేప. రాళ్లు, ఇసుక పోను మీ ట్యాంకులో 65, 70 లీటర్ల నీళ్లే ఉంటాయి. ఆ ఇరుకులో దానికి ఒత్తిడి, ఆ ఒత్తిడిలో తెల్లమచ్చల జబ్బు. టాంగ్‌లకు ఆ జబ్బు తొందరగా అంటుకుంటుంది. చిన్నప్పుడు ఉంచుకుని పెద్దయ్యాక మార్చేద్దాం అనే మాట నాకు అస్సలు నచ్చదు. ఇరుకులో ఎదిగే ఆ నెలలన్నీ చేపకు బాధే కదా.

కాలర్: అయితే ఏవి సరిపోతాయి?

నిపుణురాలు: నన్నడిగితే ఒసెల్లారిస్ క్లౌన్ ఫిష్ జంట, ఒక రాయల్ గ్రామా, ఒక పసుపు వాచ్‌మన్ గోబీ. క్లౌన్‌లు 8, 9 సెంటీమీటర్లకు మించి పెద్దగా పెరగవు. సముద్రంలో పట్టినవి కాకుండా ఫారంలో పెంచినవి అడిగి తీసుకోండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోవాలి. క్లౌన్‌లన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడగా మారుతుంది, చిన్నది మగదిగానే ఉంటుంది. బాగా ఎదిగిన రెండు ఆడవాటిని కలిపితే కొట్టుకు చస్తాయి. సముద్రంలో క్లౌన్‌లు ఆశ్రయం తీసుకునే పువ్వులాంటి జీవి ఎనిమోన్. అది లేకపోయినా ఇవి హాయిగా ఉంటాయి, దాన్ని ఇప్పుడే తేవద్దు.

కాలర్: పాపకు రంగులుండాలి మేడమ్.

నిపుణురాలు: రాయల్ గ్రామా చూపించండి. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. రాతి చూరు కింద తలకిందులుగా ఈదుతుంటుంది కూడా. ఇక గోబీ సంగతి. దానికి తోడుగా ఒక పిస్టల్ రొయ్యను వేయండి. ఆ రొయ్యకు చూపు సరిగా ఆనదు, కానీ పొద్దస్తమానం బొరియ తవ్వుతుంది. గోబీ గుమ్మంలో కూర్చుని కాపలా కాస్తుంది. ఇసుక మోసుకుని బయటికొచ్చినప్పుడల్లా రొయ్య తన మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. ఏదైనా అలికిడైతే గోబీ తోక ఆడిస్తుంది, అంతే, రెండూ లోపలికి. పాప ట్యాంకు ముందు నుంచి కదలదు చూడండి! ఒక్క జాగ్రత్త, కింది రాళ్లను ఇసుక మీద కాకుండా అడుగు అద్దం మీదే ఆనించండి. లేకపోతే తవ్వకానికి కూలిపోతాయి.

కాలర్: అంటే మొత్తం నాలుగేనా?

నిపుణురాలు: నాలుగే. చిన్న ట్యాంకులో నీళ్ల గుణం చాలా త్వరగా మారిపోతుంది. నీరు ఆవిరైతే ఉప్పు అక్కడే ఉండిపోతుంది కాబట్టి, తగ్గినంత మేర ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లే పోయాలి. చేపల్లో ముందు గోబీ, తర్వాత గ్రామా, చివర్లో క్లౌన్‌లు, మధ్యలో రెండు మూడు వారాల గ్యాప్ ఇవ్వండి. క్లౌన్‌లు ముందే వచ్చి చోటు పట్టేస్తే కొత్తవాటిని రానివ్వవు.

యాంకర్: ఇంకో కాలర్. చెప్పండమ్మా.

కాలర్: మేడమ్, సైక్లింగ్‌కి, అంటే మీరు చెప్పిన ఆ బాక్టీరియాను ట్యాంకులో పెంచడానికి, పనికొస్తుందని మాకు నల్లచారల డామ్సెల్ అంటగట్టారు. ఇప్పుడు కొత్తగా వేసిన ఫైర్‌ఫిష్‌ని తరిమి తరిమి కొడుతోంది. అది రాయి వెనక నుంచి రావట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: డామ్సెల్‌ని తీసేయండమ్మా. రాళ్ల అమరిక మారిస్తే రెండ్రోజులు తగ్గుతుందేమో గానీ, దాని స్వభావం అదే. మేత పెట్టిన ఫిష్ ట్రాప్‌తో పట్టి షాపువాళ్లకు ఇచ్చేయండి. ఈలోగా పైన సందు లేకుండా సన్నటి వల మూత బిగించండి. బెదిరిన ఫైర్‌ఫిష్ చిన్న సందులోంచి కూడా బయటికి దూకేస్తుంది. ఆ మూత ఇవాళే వేయండమ్మా.

యాంకర్: చివరి కాల్. చెప్పు బాబూ.

కాలర్: మేడమ్, షాపులో చేప ఆరోగ్యంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నాకు మాండరిన్ ఫిష్ ఇష్టం.

నిపుణురాలు: కాస్త దూరంగా నిలబడి చూడు బాబూ. రెక్కలు ఒంటికి అంటుకుపోయాయా, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయా, పొట్ట లోపలికి పోయిందా? తర్వాత నీ ముందే మేత వేయమని అడుగు. మాండరిన్ ఇక్కడే చిక్కు. రాళ్ల మీద తిరిగే కోపిపాడ్లను, అంటే రొయ్య జాతికి చెందిన అతి చిన్న జీవులను, ఒక్కొక్కటిగా ఏరుకుని రోజంతా తినే చేప అది. చిన్న ట్యాంకులో అవి త్వరగా అయిపోతాయి, చాలా మాండరిన్లు వేరే మేత ముట్టవు, ఆకలితో చిక్కిపోతాయి. మొదటి ట్యాంకుకు వద్దు నాన్నా. ఏ చేప తెచ్చినా నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి, ఏ జబ్బూ కనిపించకపోతేనే పెద్ద ట్యాంకులో వదులు.

కాలర్: నా ముందు వేసిన మేత తినకపోతే?

నిపుణురాలు: ఆ రోజు కొనకు. వారం ఆగి మళ్లీ వెళ్లి చూడు. అప్పుడు చకచకా తింటుంటే తెచ్చుకో.