ప్రాగ్‌లో ఒక్క రాత్రి

అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌లో డ్రెస్డెన్‌కి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఇంకో నమస్కారం. క్రిస్మస్ సెలవులకి మీలో చాలామంది వియన్నాకో బుడాపెస్ట్‌కో బయల్దేరతారు. దారిలో చెక్ రాజధాని ప్రాగ్ వస్తుంది. ఒక రాత్రి అక్కడ దిగి, చవకగా పడుకుని, పొద్దున్నే మళ్ళీ బండెక్కుదామనుకుంటారు. సాయంత్రం దిగి తెల్లారి వెళ్ళిపోయేవాడు ఏం చూడాలి అని నన్ను మాట్లాడమన్నారు.

నా జవాబు చిన్నది. రెండే చూడండి. పాత ఊరి చౌరస్తాలో గడియారం, అక్కణ్ణుంచి పది నిమిషాల నడకలో చార్లెస్ వంతెన. రెండిటికీ టికెట్ లేదు. పదిహేను చోట్ల ఫోటో దిగి, ఒక్కచోటా ఐదు నిమిషాలు నిలబడకుండా వచ్చేసినవాళ్ళని చాలామందిని చూశాను. డబ్బు లేకపోవడం వల్ల కాదు అలా జరిగేది, లిస్టు పెద్దదవడం వల్ల.

ముందు అవసరమైన సంగతులు గబగబా చెప్పేస్తాను. చెక్ రిపబ్లిక్ 2007 డిసెంబర్ నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసా నడిచే యూరప్ దేశాల కూటమిలో ఉంది, మీ జర్మన్ రెసిడెన్స్ పర్మిట్‌తో వెళ్ళొచ్చు. కానీ పాస్‌పోర్టు, పర్మిట్ ఒరిజినల్సే జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫోటో పనికిరాదు. అక్కడ యూరో కాదు, కొరూనా. దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. నోట్లే కావాలంటే 'జీరో కమిషన్' బోర్డు చూసి మురిసిపోకండి, కమిషన్ లేకపోయినా రేటులోనే లాగేస్తారు. ఒకవేళ మోసపోతే రసీదు పారేయొద్దు. 2019 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది: వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు వెనక్కి తిప్పించుకోవచ్చు. మెట్రోకో ట్రాముకో కాగితం టికెట్ కొంటే పసుపు మెషిన్‌లో పెట్టి టైము ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్ ఉన్నా లేనట్టే, మామూలు బట్టల్లో తిరిగే చెకర్లు ఫైన్ రాసేస్తారు. అర్ధరాత్రి దాటాక మెట్రో ఉండదు, రాత్రి ట్రాములుంటాయి. అవన్నీ లాజర్‌స్కా అనే స్టాపులో కలుస్తాయి. ఆ ఒక్క పేరు గుర్తుంటే దారి తప్పరు. చక్రాల సూట్‌కేసు మాత్రం వద్దు. ఆ రాళ్ళ వీధుల్లో దాన్ని ఈడ్చడం మీకూ నరకం, పడుకున్నవాళ్ళకీ నరకం.

ఇక గడియారం. 1410లో మికులాష్ అనే గడియారాల పనివాడు దీన్ని చేశాడు. లెక్కలు యాన్ షిండెల్ అనే ఖగోళ పండితుడివని చెబుతారు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా గంటగంటకీ ఒక అస్థిపంజరం గంట లాగుతుంది, పైన చిన్న కిటికీల్లో క్రీస్తు శిష్యులు పన్నెండుమందీ వరసగా కనబడి వెళ్తారు. జనం ఫోన్లెత్తి అది తీసుకుని, నిమిషంలో చెదిరిపోతారు. మీరు అప్పుడు దగ్గరికి వెళ్ళండి. అసలు విషయం బొమ్మల్లో లేదు, ఆ కిటికీల కిందే ఉన్న పళ్ళెంలో ఉంది.

ఆ పళ్ళెం ఒక పంచాంగం. అన్నిటికన్నా బయటి వలయంలో ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా పాతకాలపు అంకెలుంటాయి. అది పాత చెక్ కాలం, సూర్యాస్తమయం నుంచి లెక్క. డిసెంబర్‌లో అక్కడ నాలుగింటికే పొద్దుగూకుతుంది కాబట్టి, మీ ఫోన్‌లో రాత్రి ఎనిమిదైతే ఆ వలయంలో నాలుగు. లోపల వంపు గీతలు మరో లెక్క. పగటిని పన్నెండు భాగాలు చేస్తాయి, పగలు ఎంత పొడుగైతే భాగం అంత పొడుగు. డిసెంబర్‌లో ఒక్కో భాగం సుమారు 40 నిమిషాలు, జూన్‌లో 80 దాటుతుంది. మన రాహుకాలాన్ని కచ్చితంగా కట్టాలంటే చేసేదీ ఇదే, పగటిని ఎనిమిది చేస్తాం, అంతే తేడా.

మధ్యలో పక్కకి జరిగినట్టుండే చక్రం మీద పన్నెండు రాశులు. బంగారు సూర్యుడు ఆ రోజు ఏ రాశిలో ఉన్నాడో చూపిస్తాడు. క్రిస్మస్‌కి వెళ్తే మకరంలో కనిపిస్తాడు. అదేంటి, ఇంటి దగ్గర ఇంకా ధనుర్మాసం కదా, సంక్రాంతికి మూడు వారాలుంది కదా అని మీకు అనుమానం రావాలి. రెండూ తప్పు కాదు. వాళ్ళ లెక్క విషువత్తు నుంచి, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు సూర్యుడున్న చోటు నుంచి మొదలవుతుంది, మనది నక్షత్రాల నుంచి. భూమి అక్షం మెల్లగా దిశ మారడం వల్ల ఆ రెండిటి మధ్యా ఇప్పటికి సుమారు 24 డిగ్రీల ఎడం వచ్చింది. దాన్నే మనవాళ్ళు అయనాంశ అంటారు. చలికి చేతులు కొంకర్లు పోతున్నా ఆ చౌరస్తాలో ఇది లెక్కేసుకోవడం నాకు భలే ఇష్టం. సూర్యుడితోపాటు చంద్రుడూ ఉన్నాడు, సగం వెండి సగం నలుపు గోళం, అమావాస్య పున్నములకి తగ్గట్టు తనే తిరుగుతుంది.

తిండి సంగతి. చౌరస్తాలో నిప్పుల మీద కాలే హామ్‌కి, అంటే పంది మాంసానికి, రాసిన ధర వంద గ్రాములకి. వాడు పెద్ద ముక్క కోసి తూచాక బిల్లు చూస్తే ఆకలి చచ్చిపోతుంది. పొగలు కక్కే త్రుదెల్నిక్‌ని, అంటే కడ్డీకి చుట్టి కాల్చిన తీపి రొట్టెని, తరతరాల ప్రాగ్ వంటకమని అమ్ముతారు, అది ఇటీవల టూరిస్టుల కోసం వచ్చిందే. శాకాహారులకి చౌరస్తా బయట మామూలు హోటళ్ళలో స్మాజెనీ సీర్ దొరుకుతుంది, వేయించిన చీజ్. అదీ వద్దంటే సూపర్‌మార్కెట్‌లో రొహ్లిక్ రొట్టె, పెరుగు డబ్బా. మన పిల్లలు ఇక్కణ్ణుంచి పులిహోర కట్టుకెళ్తారు, అంతకన్నా మంచి ఉపాయం నాకూ తెలీదు.

వంతెన మీదికి సాయంత్రం వెళ్ళకండి, తోపులాటే. పొద్దున ఆరింటికి వెళ్ళండి. డిసెంబర్‌లో ఎనిమిదింటికి గానీ తెల్లారదు, మీరు పెద్దగా త్యాగం చేసేదేమీ లేదు. 1342లో వరదకి పాత వంతెన కొట్టుకుపోతే, నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో దీనికి పునాది వేయించాడు. ముహూర్తం చూసి వేయించాడని కథ: 1357, తొమ్మిదో తేదీ, ఏడో నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలు. వరసగా రాస్తే 135797531, ఎటునుంచి చదివినా ఒకటే. నిజమో కాదో గాని, 1841 దాకా ఆ ఊళ్ళో నది దాటడానికి ఉన్న వంతెన ఇదొక్కటే. మీద 30 విగ్రహాలున్నాయి, చాలావరకు నకళ్ళు. అసలువి పాడవకుండా మ్యూజియంలో పెట్టారు.

ఆ రెండూ అయ్యాక టైము మిగిలితే, అవతలి ఒడ్డున మెట్లెక్కితే కోట. ఆవరణలోకి టికెట్ అక్కర్లేదు, గేట్లు ఆరింటికే తీస్తారు. లోపలి చర్చికి 1344లో పునాది వేస్తే పని పూర్తయింది 1929లో. దాని లోపలికి వెళ్ళే టైము మీకుండదు, బయట ఒక చుట్టు తిరిగి దిగిపోండి. తిరిగి బండెక్కేది బస్సయితే ఫ్లోరెంట్స్ బస్టాండు, రైలయితే మెయిన్ స్టేషన్. టికెట్ మీద ఏది రాసుందో ముందురోజే చూసుకోండి. హాస్టల్ లాకర్‌కి తాళం మీదే తీసుకెళ్ళాలి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. పర్మిట్ ఇంకా చేతికి రానివాళ్ళు ముందు అడగండి.