ఫుల్ ఫ్రేమా, ఏపీఎస్-సీనా? సోనీ ఏ7 ఫోర్, ఫూజీ ఎక్స్-హెచ్2ఎస్: పానగల్లు గుడి నుంచి పెళ్లి పందిరి దాక

నమస్తే అన్నా, నమస్తే అక్కా. నల్లగొండ నుంచి మాట్లాడుతున్న.

పోయిన ఎండాకాలం దేవరకొండ దిక్కు ఒక పెళ్లికి పోయిన. అక్కడ వీడియో తీస్తున్న ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగిండు: "అన్నా, ఫుల్ ఫ్రేమ్ లేదంటే పెళ్లి పార్టీవాళ్లు ఆర్డర్ ఇస్తలేరు. ఇది అమ్మేసి సోనీ కొనాల్నా?" కెమెరా లోపల వెలుగును పట్టి ఫొటో చేసే చిప్పును సెన్సార్ అంటరు; అది పెద్దగ ఉంటే ఫుల్ ఫ్రేమ్, చిన్నగ ఉంటే ఏపీఎస్-సీ. ఆయన చేతిల ఉన్నది ఫూజీఫిల్మ్ ఎక్స్-హెచ్2ఎస్, ఏపీఎస్-సీది. దాని కిస్తీలు ఇంకా అయిపోలేదు. అప్పుడే మంగళసూత్రం టైమైంది, ఇద్దరం చెరో దిక్కు ఉరికినం. జవాబు చెప్పనేలేదు. ఈ వీడియో ఆ తమ్ముని కోసం, ఆయన లెక్కనే పరేషాన్ అవుతున్న అందరి కోసం.

(టేబుల్ మీద తూకం, పక్కన రెండు కెమెరాలు)

ముందుగాల తూకం చూద్దాం. ఇది సోనీ ఏ7 ఫోర్, 2021ల వచ్చింది. బ్యాటరీ, కార్డు కలిపి 658 గ్రాములు. ఇది ఫూజీ ఎక్స్-హెచ్2ఎస్, 2022ది. అదీ బ్యాటరీ, కార్డుతోనే 660. రెండు గ్రాముల తేడా. సెన్సార్ చిన్నదైతే కెమెరా కూడా తేలికగ ఉంటదన్న మాటను ఇక్కడనే పక్కకు పెట్టేద్దాం.

ఇప్పుడు మూతలు తీస్తున్న. ఫ్యాన్ బంద్ చేసిన, దుమ్ము పడొద్దని. మీరు కూడా సెన్సార్ చూపెట్టేటప్పుడు దాని దగ్గర మాట్లాడకండి, తుంపర పడితే క్లీనింగ్‌కు హైదరాబాద్ దాక పోవాలె. దగ్గరికి తెస్తున్న, చూడండి. సోనీది వెడల్పు 35.9 మిల్లీమీటర్లు, ఎత్తు 23.9. ఫూజీది 23.5, 15.6. పెద్దది పాత రీలు కెమెరాల ఒక్క ఫొటో ఎంత ఉండేదో అంత. సినిమా రీలును అడ్డంగ నడిపి 24 బై 36 కొలతతో చిన్న కెమెరా చేసినాయన ఆస్కార్ బార్నాక్. ఆ కెమెరా, అంటే లైకా, 1925ల అమ్మకానికి వచ్చింది. సినిమా రీలుకు కుదిరిందని ఆయన పెట్టుకున్న కొలతకే మనం ఇయ్యాల ఫుల్ ఫ్రేమ్ అని పేరు పెట్టుకున్నం. అంతకంటే పెద్ద మీడియం ఫార్మాట్ సెన్సార్లు కూడా ఉన్నయి. అందుకే ఆ "ఫుల్" అన్న మాటకు భయపడకండి.

వైశాల్యం లెక్క చేస్తే సోనీది ఫూజీకి రెండింతలకు పైన, కచ్చితంగ చెప్పాలంటే 2.3 రెట్లు. ఈ అంకె యాది పెట్టుకోండి.

పెద్ద సెన్సార్‌ల గ్రెయిన్, అంటే ఫొటో మీద ఇసుక లెక్క మచ్చలు, ఎందుకు తక్కువ? మన ఇండ్ల ముంగట షాబాద్ బండలు పరిచిన వాకిలిని ఊహించుకోండి. వాన అప్పుడే మొదలైంది. చినుకులు దూరం దూరం పడుతున్నయి. ఒక బండ మీద ఐదు చుక్కలు, పక్క బండ మీద రెండు, ఇంకోటి పొడిపొడిగ ఉన్నది. వాకిలంతా మచ్చలు మచ్చలు. అదే వాన పావుగంట కొట్టిందనుకోండి, అన్ని బండలూ ఒక్క తీరుగ నల్లగ తడిసిపోతయి. వెలుగు కూడా చినుకుల లెక్కనే పడుతది. తక్కువ పడితే ఫొటోల మచ్చలు, అవే మనం నాయిస్ అంటం. ఎక్కువ పడితే సాఫు. ఒకే ఫ్రేము, ఒకే ఎఫ్ నంబరు (లెన్సు ఎంత తెరిచి ఉన్నదో చెప్పే అంకె, అంకె చిన్నదైతే ఎక్కువ తెరిచినట్టు), ఒకే షటర్ స్పీడు పెడితే పెద్ద సెన్సార్ మీద మొత్తం 2.3 రెట్ల వెలుగు పడుతది. స్టాపుల లెక్కల (ఒక స్టాపు అంటే వెలుగు రెండింతలు) చెప్తే ఒక స్టాపు, ఇంకో పావు. అంతే. చాలామంది మూడు నాలుగు స్టాపులు అన్నట్టు మాట్లాడుతరు, అది నిజం కాదు.

(పానగల్లు గుడి షాట్లు)

నోటిమాట కాకుండ చేసి చూద్దామని పానగల్లు పోయిన, ఛాయా సోమేశ్వరుని గుడికి. కందూరు చోడుల కాలం నాటి గుడి, మా ఊరి పక్కనే. గర్భగుడిల శివలింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దుందాక పడుతనే ఉంటది. బయట ఎండ కండ్లు చెదిరేటట్టు, లోపల దీపం వెలుగు. కెమెరాను పరీక్ష పెట్టేటందుకు ఇంతకంటే మంచి జాగ నాకు తెలువది. పూజారిని అడిగి, ఫ్లాష్ లేకుండ, గడప బయటి నుంచే తీసిన.

సోనీకి 35 ఎంఎం, ఫూజీకి 23 ఎంఎం. ఫ్రేము రెండింట్ల ఒక్కటే వస్తది, ఎందుకంటే సోనీ సెన్సార్ వెడల్పు ఫూజీకి ఒకటిన్నర రెట్లు, 23ని ఒకటిన్నరతో గుణిస్తే 35 దగ్గరికి వస్తది. మొదటి ఫొటో: రెండు కెమెరాలకూ ఎఫ్ 2.8, ఐఎస్ఓ 6400. ఐఎస్ఓ అంటే తక్కువ వెలుగును కెమెరా ఎంత పెంచి చూపెట్టాల్నో చెప్పే అంకె. జూమ్ చేస్తున్న, ఆ నీడ అంచు చూడండి. ఫూజీల రాయి మీద ఇసుక చల్లినట్టున్నది, సోనీల రాతి మీద ఉలి గీతలు కనపడుతున్నయి. సోనీ గెలిచింది, అనుమానం లేదు.

ఇప్పుడు రెండో ఫొటో. సోనీని కదపలేదు. ఫూజీ లెన్సును ఎఫ్ 1.8 దాక తెరిచి, ఐఎస్ఓ 2500కు దించిన. షటర్ అదే. పక్కపక్కన పెడుతున్న. ఏది ఏదో చెప్పుండ్రి. నేనే ఫైలు పేరు చూడకుండ చెప్పలేకపోయిన. వెనక బ్లర్ కూడా సమానం. అంటే ఎఫ్ నంబరును కూడా ఒకటిన్నరతో గుణించాలె. ఎక్స్‌పోజర్ వరకు ఎఫ్ 1.8 ఎక్కడైనా ఎఫ్ 1.8నే. మొత్తం పడిన వెలుగు, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చూస్తే మాత్రం ఫూజీ మీద 1.8, సోనీ మీద 2.8తో సమానం.

అయితే ఈ పని ఫుకట్‌ల కాదు, ఇది కూడా చెప్పాలె. ఫూజీ 56 ఎంఎం ఎఫ్ 1.2, కొత్తది, 445 గ్రాములు. అది ఇచ్చే ఫొటో సోనీ మీద 85 ఎంఎం ఎఫ్ 1.8 ఇచ్చేదానికి సమానం. ఆ సోనీ లెన్సు 371 గ్రాములే, ధర కూడా తక్కువ. పెండ్లిపిల్ల పోర్ట్రెయిట్లే మీ అన్నం అయితే ఫుల్ ఫ్రేమ్‌ల మీకు లెన్సు చవకగ పడుతది. జూమ్‌ల సంగతి కూడా అంతే. ఎఫ్ 2.8 జూమ్ ఫూజీకి కొని, సోనీ ఎఫ్ 2.8 జూమ్ ఫొటోతో పోల్చుకుని బాధపడేటోళ్లను చూసిన. అది కెమెరా తప్పు కాదు, లెక్క తప్పు.

ఒక్కటి మాత్రం లెన్సుతో పూడదు. గర్భగుడిల ఎండకు తగ్గట్టు తీసి, తర్వాత చీకటిని లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌ల పైకి లేపితే సోనీ ఫైలు ఎక్కువ ఓర్చుకుంటది.

ఇగ ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న, ఎందుకంటే ఈ రెండు కెమెరాల నడుమ పెద్ద తేడా సెన్సార్ సైజు కాదు. సెన్సార్ ఎంత జల్ది చదువుకుంటది అన్నది.

ఈ కెమెరాలల్ల సెన్సార్ ఫొటోను ఒక్కపాలి చదవదు. పై గీత నుంచి కింది గీత దాక వరుసగ చదువుకుంట వస్తది. ఎలక్ట్రానిక్ షటర్‌ల (షటర్ తెర కదలకుండ, చప్పుడు లేకుండ తీసేది) ఏ7 ఫోర్‌కు ఈ పని పూర్తయ్యేసరికి సుమారు సెకనుల పదిహేనో వంతు పడుతది. ఎక్స్-హెచ్2ఎస్‌ది స్టాక్డ్ సెన్సార్, అంటే చదివే సర్క్యూటు, మెమరీ సెన్సార్ వెనకనే అతికించి ఉంటయి. దానికి సుమారు నూట యాభయ్యో వంతు. పది రెట్ల తేడా.

నాకు ఇది పుస్తకంల చదివితే తెలువలేదు. ఒక నిశ్చితార్థం, ఫంక్షన్ హాల్‌ల. వీడియో తమ్ముని మైకు నా పక్కనే ఉన్నది, పంతులుగారు మంత్రాలు చదువుతున్నరు. నా క్లిక్కుల చప్పుడు వీడియోల పడొద్దని ఏ7 ఫోర్‌ను సైలెంట్ మోడ్‌ల, అంటే ఎలక్ట్రానిక్ షటర్‌ల పెట్టిన. 1/250 షటర్. చిన్న స్క్రీన్ మీద అంతా మంచిగనే కనపడ్డది. రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్‌ల తెరిస్తే ప్రతి ఫొటోల అడ్డం చారలు. ఒకటి వెలుగు, ఒకటి చీకటి. పిల్ల చెంప మీద ఒక చార, పట్టుచీర అంచు మీద ఒకటి. లెక్కపెట్టిన, ఆరు. ఉంగరాలు మార్చుకున్నప్పటి ఫొటోలన్నీ అంతే. వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఆరే ఎందుకంటే, మన కరెంటు 50 హెర్ట్జ్. మామూలు ఎల్ఈడీ లైటు దానికి రెండింతలు, సెకనుకు వందసార్లు మిణుకుతది, మన కంటికి కనపడదు. సెకనుల పదిహేనో వంతుల ఆరేడు సార్లు మిణుకుతది. కెమెరా పై నుంచి కిందికి చదువుతున్నంత సేపు లైటు మిణుకుతనే ఉన్నది, కాబట్టి చారలు పడ్డయి. నూట యాభయ్యో వంతుల చదివేసే ఫూజీకి ఒక్క మిణుకు కూడా పూర్తిగ పట్టదు. ఫొటో ఒక దిక్కు కొంచెం చీకటి రావచ్చు, చారలు మాత్రం వరుసగ పడవు.

ఏ7 ఫోర్ ఉన్నోళ్లు భయపడకండి. హాల్‌ల లైట్ల కింద మెకానికల్ షటర్‌ల పెట్టుండ్రి, వీలైతే స్పీడు 1/100 లేకుంటే 1/50. ఒక మిణుకు పూర్తిగ పడేదాక షటర్ తెరిచి ఉంటే చార రాదు. ఏ పెళ్లికి పోయినా, పని మొదలుపెట్టక ముందే రెండు ఫొటోలు తీసి, స్క్రీన్ మీద జూమ్ చేసి తెల్ల గోడను చూడండి.

(బరాత్ క్లిప్)

బరాత్‌ల డప్పు కొట్టేటాయన చెయ్యి చూడండి. ఇది ఏ7 ఫోర్, ఎలక్ట్రానిక్ షటర్. ఆ చిర్ర, నిటారుగ ఉన్న కట్టె, కొడవలి లెక్క వంగింది. సిటికెన పుల్ల సాగినట్టున్నది. పై కొసను చదివినప్పుడు ఒక దగ్గర ఉన్నది, కింది కొసను చదివేసరికి ఇంకో దగ్గరికి పోయింది. ఇది ఫూజీ, చిర్ర చిర్ర లెక్కనే ఉన్నది. ఈ వంకరను ఏ లెన్సూ సరి చెయ్యదు. వెలుగు తక్కువైతే లెన్సుతో పూడ్చుకోవచ్చు, చదివే వేగం తక్కువైతే లెన్సుతో పూడ్చేది లేదు.

వీడియోల కూడా ఇదే కనపడుతది. ఏ7 ఫోర్ ఫోర్ కే 30 ఫ్రేముల్ల చాలా బాగుంటది, 7కే నుంచి దించి ఇస్తది. కానీ ఫోర్ కే 60 పెట్టంగనే సెన్సార్ అంచులు వదిలేసి ఒకటిన్నర రెట్లు కోసుకుంటది. అంటే స్లో మోషన్ కోసం 60 పెట్టిన క్షణం మీరు కొన్న ఫుల్ ఫ్రేమ్ మీ దగ్గర లేదు, ఏపీఎస్-సీతోనే తీస్తున్నరు. ఎక్స్-హెచ్2ఎస్ ఫోర్ కే 60ని మొత్తం సెన్సార్‌తో తీస్తది. ఫోర్ కే 120 కూడా ఉన్నది, దాంట్ల కొంచెం కోత పడుతది. ఇంకా 6.2కే ఓపెన్ గేట్, అంటే సెన్సార్ ఎత్తంతా రికార్డు అయితది. ఒకే షాట్‌ల అడ్డం పెళ్లి సినిమా, నిలువు రీల్ రెండూ కోసుకోవచ్చు. ఇప్పుడు ప్రతి పార్టీ రీల్స్ అడుగుతున్నది కదా.

ఎండ సంగతి ఒక ముక్క. రెండు కంపెనీలూ 40 డిగ్రీల దాకనే వాడమని రాస్తయి. మా దగ్గర మే నెలల పగటి పెళ్లి ఎట్లుంటదో మీకు చెప్పేదేమున్నది. ఫూజీకి వెనక బిగించే ఫ్యాన్ వేరుగ దొరుకుతది, స్క్రూలతో కూర్చుంటది. సోనీకి అది లేదు, తడిబట్ట, గొడుగే దిక్కు.

ఫోకస్ విషయంల సోనీ ముందున్నది, నేను గట్టిగనే చెప్తున్న. తలంబ్రాలప్పుడు ముఖం ముంగట బియ్యం పడుతున్నా కన్ను వదలదు. ఫూజీ అప్పుడప్పుడు బియ్యం మీదికి పోతది.

పిట్టలు తీసేటోళ్లకు ఇంకో లెక్క. ఉదయసముద్రం చెరువు గట్టు మీద, కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చున్నది. ఫూజీ 150-600 జూమ్ 1605 గ్రాములు, అది ఆ ఒకటిన్నర రెట్ల లెక్కన 900 ఎంఎం దాక దగ్గరికి తెస్తది. సోనీ 200-600 లెన్సు 2115 గ్రాములు, అందుకునేది 600 దాకనే. ఆ దూరాన్ని ఏ7 ఫోర్‌ల కోసుకుంటే మిగిలేది 14 మెగాపిక్సెల్స్, ఫూజీల మొత్తం 26. ప్రీ-షాట్ పెట్టి బటన్ సగం నొక్కి పట్టుకుంటే, పిట్ట లేచినంక మీరు నొక్కినా, లేచే ముందటి ఫ్రేములు కూడా కార్డుల ఉంటయి. సెకనుకు 40. ఆ నీలి రెక్క విప్పిన మొదటి క్షణం నాకు దొరికింది అట్లనే.

ఆల్బమ్‌కు 33 మెగాపిక్సెల్స్ కావాల్నా అని అడుగుతరు. 12 బై 18 పేజీ, 300 డీపీఐ అంటే 5400 బై 3600, ఇరవై మెగాపిక్సెల్స్ లోపే. రెండూ సరిపోతయి.

కాబట్టి దేవరకొండ తమ్ముడూ, నువ్వు వీడియో చేస్తవు. ఆ కెమెరా అమ్మకు. ఉన్న పైసలతో ఒక ఎఫ్ 1.4 లెన్సు తీసుకో. రాత్రి ఫొటోలే ఎక్కువ తీసే అన్నలకు, అక్కలకు మాత్రం ఏ7 ఫోర్ తీసుకోమనే చెప్త.

నా మాట మీద కూడా కొనకండి. ఇయ్యాల రాత్రి లైట్‌రూమ్ క్లాసిక్ తెరవండి. లైబ్రరీల పైన ఫిల్టర్ పట్టీల మెటాడేటా నొక్కి, ఒక కాలమ్‌ను ఐఎస్ఓ స్పీడ్‌కు మార్చండి. సంవత్సరం ఫొటోలన్నీ ఏ ఐఎస్ఓల ఎన్ని ఉన్నయో వరుసగ కనపడుతయి. 3200 పైన ఎన్ని ఉన్నయో చూడండి. పక్క కాలమ్‌ల లెన్సు పెట్టి, ఆ పైన ఉన్నవి ఏ లెన్సుతో తీసినవో కూడా చూడండి. ఎక్కువ భాగం కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్సుతో తీసినవే అయితే, మార్చాల్సింది ముందుగాల ఆ లెన్సు.